పెళ్ళయ్యేదాకా బాబుని దాచిపెట్టమంటోంది మా అమ్మ

ఈ ఉత్తరం విశాఖలోని గోపాలపట్నం నుంచి వచ్చింది. రాసినావిడకు 34 ఏళ్ళు. భర్తకు పరవాడలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఒక్కడే కొడుకు, ఐదున్నరేళ్ళు. మూడేళ్ళు వచ్చినా పిలిస్తే పలకడు, తిరిగే ఫ్యాను వంకే చూస్తుంటాడు, అంతకుముందు వచ్చిన నాలుగు మాటలు కూడా పోయాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆటిజం అన్నారు. అప్పటికి ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆ ఉద్యోగం మానేసి అప్పటి నుంచి బాబుని స్పీచ్ థెరపీకి, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకి తిప్పుతున్నారు. ఇప్పుడు బాబు తనకేం కావాలో చెయ్యి పట్టుకుని చూపిస్తాడు. నీళ్ళు, బండి, అమ్మమ్మ అంటాడు. టీవీ ప్రకటనలు పొల్లుపోకుండా వల్లిస్తాడు. సింహాచలం స్టేషన్ మీదుగా గూడ్సు వెళ్తుంటే చివరి పెట్టె దాటేదాకా కదలడు.

ఆవిడకు నాన్నగారు లేరు. అమ్మ అనకాపల్లిలో ఉంటారు. చెల్లెలికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ అమ్మాయికి విజయనగరం సంబంధం కుదిరింది. పెళ్ళిచూపుల ముందు రోజు అమ్మ ఫోన్ చేసి, “బాబుని తీసుకురాకమ్మా. మన వంశంలోనే ఉందనుకుంటారు. తాళి కట్టేదాకా వాళ్ళ కంట పడనీకు, తరవాత ఎలాగూ తెలుస్తుంది కదా” అన్నారు. బాబుకి జ్వరమని చెప్పించి ఈవిడ ఇంట్లోనే ఉండిపోయారు. మగపెళ్ళివారు “పెద్దమ్మాయిగారిని చూడనే లేదే” అని అడిగారట. వచ్చే నెల నిశ్చితార్థం. భర్తను అడిగితే “మీ అమ్మ చెప్పినట్టు చెయ్యి, గొడవెందుకు” అని డ్యూటీకి వెళ్ళిపోయారు.

మిగతాది ఆవిడ మాటల్లోనే: “మళ్ళీ ఏ జ్వరం చెప్పాలండీ? ఒక ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే ఆ రంగులరాట్నం మోత దగ్గర ఇసకలో పడి ఏడ్చాడు. అందరూ చూస్తున్నారని రెండు దెబ్బలు వేశాను. ఇంటికొచ్చి నేనే ఏడ్చాను. నేను కడుపుతో ఉన్నప్పుడు ఏదో చేసి ఉంటానని మా ఆడపడుచు అంటుంది. టీకాల వల్లేనని పక్కింటావిడ అంటుంది. థెరపిస్టు సదరం అనే వికలాంగుల సర్టిఫికెట్ తీసుకోమంటోంది. అంటే పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళాలా అని మా ఆయన కోప్పడ్డారు. మా అమ్మ మీద నాకు చచ్చేంత కోపంగా ఉంది. ఒక్కోసారి వాణ్ణి తీసుకుని ఎవరికీ కనబడకుండా ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపిస్తుంది.”

అమ్మా,

మీ ఉత్తరంలో చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. అలసిపోయిన తల్లి ఎవరైనా అనే మాటే అది. కానీ వెళ్ళిపోవడం అంటే మీ మనసులో ప్రాణం తీసుకోవడం అనే అర్థం ఏ మూలనైనా ఉంటే, నా జవాబు చదవడం ఆపి 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. రాత్రి, పగలు తీస్తారు, తెలుగులోనే మాట్లాడతారు. అంత దూరం ఆలోచన లేకపోయినా చేయవచ్చు. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవడం, తినాలనిపించకపోవడం, బాబు నవ్వినా సంతోషం కలగకపోవడం వారాల తరబడి ఉంటే అది ఓర్పు చాలక కాదు, మందులకీ మాటలకీ లొంగే జబ్బు అయ్యుండవచ్చు.

మీరు కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశారన్నది ఇక్కడితో వదిలేద్దాం. మీ ఆడపడుచు అన్న మాటను ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే అన్నారు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాసి ఈ లక్షణాలకు ఆటిజం అనే పేరు పెట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు, ప్రేమ చూపని తల్లుల వల్లే పిల్లలు ఇలా అవుతారని నమ్మినవాళ్ళు, ఆ తల్లులకు అలాగే చెప్పి పంపినవాళ్ళు చాలామంది. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన కొడుక్కి కూడా ఆటిజమే, ఇది పెంపకం లోపం కాదు, మెదడు ఎదిగే తీరులోనే ఉందని పుస్తకం రాశాడు. తర్వాత కవలల మీద జరిగిన పరిశోధనలు దాన్ని బలపరిచాయి. టీకాల మాటకు మూలం 1998లో లండన్ నుంచి వెలువడే ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం. పన్నెండు మంది పిల్లల మీద రాసిన ఆ వ్యాసాన్ని 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది. రాసిన వైద్యుడి పేరు బ్రిటన్ డాక్టర్ల పట్టీలోంచి కొట్టేశారు. పక్కింటావిడతో వాదించమని చెప్పడం లేదు. ఆ మాట వచ్చినప్పుడు మీ గుండె జారిపోకుండా ఉంటే చాలు.

ఇక పెళ్ళి సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ ఏమన్నారో ఉంది, మీ ఆయన ఏమన్నారో ఉంది, ఆడపడుచు, పక్కింటావిడ, థెరపిస్టు అందరూ ఉన్నారు. పెళ్ళికూతురు మాత్రం ఎక్కడా లేదు. మీ చెల్లెలు ఈ ఏర్పాటుకు ఒప్పుకుందా? ఆమెకు ఈ జ్వరం సంగతి తెలుసా? ఆ అబ్బాయితో రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉంటుంది కదా, ఈపాటికి చెప్పేసి ఉందేమో కూడా. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న 26, 27 ఏళ్ళ అమ్మాయి తరఫున మీరూ మీ అమ్మగారూ కలిసి అబద్ధం మోస్తున్నారు. బరువు మీది. రేపు అబద్ధం బయటపడితే అత్తవారింట్లో మాట పడేది ఆమె. నిర్ణయం ఎవరిదై ఉండాలో నాకు అనుమానం లేదు. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా మొదటి ఫోన్ ఆమెకే.

ఆ ఫోన్లో ఆమెకు అవసరమయ్యే లెక్క ఒకటి చెబుతాను, ఎందుకంటే మగపెళ్ళివారు అడగబోయేది అదే: రేపు మాకు పుట్టే పిల్లలకూ వస్తుందా? ఆటిజంలో జన్యువుల పాత్ర పెద్దదే, ఆ మాట దాటవేయనక్కర్లేదు. ఒక బిడ్డకు ఉంటే అదే తల్లిదండ్రులకు తర్వాత పుట్టే బిడ్డకు ఉండే అవకాశం సుమారు ఐదింట ఒక వంతు. మీరు రెండో బిడ్డ గురించి ఆలోచిస్తుంటే ఇది మీకు పనికొచ్చే అంకె. బంధుత్వం దూరమైనకొద్దీ అది బాగా పడిపోతుంది. స్వీడన్‌లో 20 లక్షల మంది పిల్లల వివరాలు పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, అక్క పిల్లలు, చెల్లెలి పిల్లలు, మేనత్త, మేనమామ పిల్లలు లాంటి వరసల్లో ఒకరికి ఉంటే ఇంకొకరికి ఉండే అవకాశం మామూలు కంటే రెండింతలని తేలింది. రెండింతలు అనగానే గుండె గుభేలుమంటుంది. మామూలు అవకాశమే నూటికి ఒకటి దరిదాపుల్లో ఉంటుంది. అది నూటికి రెండవుతుంది. ఏ వంశంలోనూ ఎవరూ ఎరగని ఇళ్ళలో కూడా ఆటిజం ఉన్న పిల్లలు పుడుతూనే ఉన్నారు. మీరు లెక్కల టీచరు, ఈ నూటికి రెండు అంటే ఏమిటో చెల్లెలికి నాకన్నా బాగా చెప్పగలరు.

ఇప్పుడు దారులు చూద్దాం. అమ్మ చెప్పినట్టే సాగితే నిశ్చితార్థానికి ఒక సాకు, లగ్న పత్రిక రాసుకునే రోజు ఇంకొకటి, పెళ్ళికి మరొకటి కావాలి. సొంత అక్క పెళ్ళి పీటల దగ్గర కనిపించకపోతే వియ్యాలవారు ఊరుకుంటారా? బాబుని ఎవరి దగ్గరో వదిలి మీరొక్కరే వెళ్తే, కొత్తవాళ్ళ దగ్గర వాడు ఎలా ఉంటాడో మీకు తెలుసు. అమ్మగారి లెక్క ఒక్క చోట తప్పుతోంది. తాళి కట్టాక తెలిస్తే వాళ్ళు చేసేదేముంది అనుకుంటున్నారు. పెళ్ళి చెడగొట్టకపోవచ్చు. కానీ పదేళ్ళ తర్వాత కూడా ఏ చిన్న గొడవ వచ్చినా “మీరు అప్పుడే దాచారు” అన్న మాట మీ చెల్లెలి చెవిలో పడుతుంది. ఆమెకు పుట్టిన బిడ్డ మాట కాస్త ఆలస్యమైతే ఇక చెప్పక్కర్లేదు. సంబంధాల్లో జీతం పెంచి చెప్పడం, వయసు తగ్గించడం మనకు కొత్త కాదు గానీ, జీతం అబద్ధమైతే నెల తిరిగేసరికి అలవాటైపోతుంది. అక్క కొడుకు కళ్ళ ముందే ఎదుగుతూ ఉంటాడు.

రెండో దారి, నిశ్చితార్థానికి ముందే చెప్పడం. చెప్పాల్సింది మీరు కాదు, మధ్యవర్తి అసలే కాదు. చెల్లెలు ఆ అబ్బాయికి మామూలు గొంతుతో చెప్పాలి: మా అక్క కొడుక్కి ఆటిజం, థెరపీకి వెళ్తున్నాడు, ఆ రోజు జ్వరం కాదు, మా అమ్మ భయపడింది. అతను తన ఇంట్లో చెప్పుకుంటాడు. సంబంధం తప్పిపోవచ్చు. ఆ మాట మీకు తీపి చేసి చెప్పలేను. తప్పిపోతే నాలుగు రోజులు ఇంట్లో ఏడుపులుంటాయి, అమ్మగారు మిమ్మల్ని అనవచ్చు, మీరు కూడా మిమ్మల్ని అనుకోవచ్చు. కానీ ఈ కారణంతో వెనక్కి తగ్గే ఇంట్లో మీ చెల్లెలు రేపు కాస్త బరువు తక్కువ బిడ్డను కన్నా అదే చూపు ఎదుర్కొనేది. చెప్పాక కూడా సంబంధం నిలబడితే, పెళ్ళికి మీ బాబు పిన్ని చంకెక్కి ఫోటోలో ఉంటాడు.

మధ్యదారి ఒకటుంది, చాలా ఇళ్ళు దీన్నే పడతాయి. నిశ్చితార్థానికి మీరు ఒక్కరే వెళ్ళి, పెళ్ళికి ముందు ఎప్పుడో చెల్లెలు చెబుతుంది. దీనిలో చిక్కు ఏమిటంటే ఆ “ఎప్పుడో” జరుపుకుంటూ పోతారు. కార్డులు పంచి, ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు కట్టాక చెబితే అవతలివాళ్ళకు కాదనే వీలు ఉండదు. అప్పుడు చెప్పడానికీ దాచడానికీ పెద్ద తేడా ఉండదు. ఈ దారే కావాలంటే చెప్పే తేదీ చెల్లెలితో ఇప్పుడే అనుకోండి.

ఇంకొక సంగతి కూడా మీ ఉత్తరంలో కలిసిపోయి ఉంది. బాబుని దాచడం వేరు, ఆ గోల వాడు తట్టుకోలేడని తీసుకెళ్ళకపోవడం వేరు. అందరికీ చెప్పాక కూడా మీరు రెండోది ఎంచుకోవచ్చు, అది తప్పు కాదు. తీసుకెళ్ళాలనుకుంటే మాత్రం ముందు నుంచి పని చేయాలి. హాలు ఫోటోలు ఫోన్లో తీసుకుని వారం రోజుల ముందు నుంచే చూపించండి: ఇది గేటు, ఇక్కడ పిన్ని కూర్చుంటుంది, ఇక్కడ మనం అన్నం తింటాం. జనం రాకముందే వెళ్ళండి, ఖాళీ హాల్లో వాడు ఒకసారి తిరగాలి. విడిది గదుల్లో ఒకటి మీకోసం తీసి ఉంచమనండి. డీజే, పెద్ద స్పీకర్లు ఉంటాయి కాబట్టి చెవులు మూసే హెడ్‌ఫోన్స్ ఇంట్లోనే అలవాటు చేయండి. పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టే సమయంలో గట్టిమేళం ఒక్కసారిగా మోగుతుంది. దానికి ముందే వాణ్ణి బయటికి తీసుకెళ్ళాలి, ఎవరు తీసుకెళ్తారో కూడా ముందే అనుకోవాలి. ఆ మనిషి మీ ఆయన అయితే మీరు చెల్లెలి పక్కన నిలబడగలరు. “గొడవెందుకు” అన్న మనిషికి ఇలా ఫలానా వేళ ఫలానా పని అని అప్పగిస్తే చేస్తారు చాలామంది. అభిప్రాయం అడిగితేనే తప్పించుకుంటారు. తినేది ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. క్యాటరింగు అన్నం వాడు ముట్టకపోతే ఆ రోజుకి బలవంతం వద్దు.

బీచ్‌లో జరిగింది కూడా ఇదే. రంగులరాట్నం మోత, లైట్లు, జనం, ఇసక, అన్నీ ఒక్కసారి మీద పడితే వాడు తట్టుకోలేక పడిపోయాడు. అది బొమ్మ కొనివ్వలేదని చేసే మంకుపట్టు కాదు. మంకుపట్టు అయితే అడిగింది ఇస్తే ఆగుతుంది. ఇది ఆ మోత లేని చోటుకి తీసుకెళ్తే తప్ప ఆగదు. దెబ్బ వేస్తే ఇంకొక బాధ చేరుతుంది, అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తారు. చూడనివ్వండి, “బాబుకి ఆటిజం, కాస్త దారివ్వండి” అంటే విశాఖలో జనం దారిస్తారు. ఆ మాట నోటితో అనడం మీకు అలవాటైతే పెళ్ళి హాల్లోనూ పనికొస్తుంది. సముద్రం వాడికి ఇష్టమైతే ఆదివారం సాయంత్రం కాకుండా తెల్లవారుజామున తీసుకెళ్ళండి. బీచ్ రోడ్డులో అప్పుడు నడిచేవాళ్ళే ఉంటారు.

అమ్మగారి మీద కోపం గురించి. మీరు రాసిన ఉత్తరంలోనే బాబుకి వచ్చిన కొద్ది మాటల్లో ఒకటి “అమ్మమ్మ”. అంటే ఆవిడ వాడితో చాలా సమయమే గడిపి ఉండాలి. భర్త లేకుండా రెండో కూతురి పెళ్ళి చేయబోతున్న మనిషికి వియ్యాలవారి నోటి భయం ఎంతుంటుందో మీకూ తెలుసు. ఆవిడ వాణ్ణి చూసి సిగ్గుపడుతున్నారని నేను అనుకోను. మీ కోపం న్యాయమైనదే, జ్వరం అబద్ధంతో మీరు ఇంట్లో కూర్చుంటే మీ బిడ్డ తప్పు చేసినట్టయింది. ఆ మాట ఆవిడకు చెప్పండి. కానీ పెళ్ళి నిర్ణయం కోసం ఆవిడతో వాదనకు దిగకండి. “అమ్మా, ఇది చెల్లి చెప్పాల్సిన సంగతి, అదే చూసుకుంటుంది” అంటే చాలు. ఆవిడ నెత్తి మీది భారం కూడా కొంత దిగుతుంది.

సర్టిఫికెట్ సంగతి మీ ఆయనకు కూడా చదివి వినిపించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఆటిజం వాటిలో ఒకటి. దానికి ఐసా అనే భారతీయ కొలమానంతో పరీక్ష చేసి శాతం నిర్ణయిస్తారు. 40 శాతం, ఆ పైన వస్తే 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గరి బడిలో గానీ కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు వస్తుంది. బాబుకి ఆరేళ్ళు రాబోతున్నాయి, కాబట్టి ఇది కాలక్షేపానికి చెబుతున్న మాట కాదు. కేంద్రంలోని నేషనల్ ట్రస్ట్ నిరామయ అనే ఆరోగ్య బీమా ఇస్తుంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. అందులో థెరపీ ఖర్చులకూ కొంత భాగం ఉంటుంది. మీ ఆయన పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే పన్ను లెక్కలో ఆదాయం నుంచి ఏటా 75,000 రూపాయల మినహాయింపు. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000. అయితే దానికి ఇంటి ఆదాయం వంటి నిబంధనలున్నాయి, మీకు వర్తించకపోవచ్చు.

చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరు వింటే మన ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. మీ ఆయన కోపానికి కారణం అదే. సదరం పరీక్షకు అక్కడికి మీరు వెళ్తే డాక్టర్లు బాబుతో కాసేపు గడిపి, మిమ్మల్ని ప్రశ్నలు అడిగి కాగితం రాస్తారు, అంతే. ఆ కాగితం మీ బీరువాలో ఉంటుంది. అవసరమైనప్పుడు తీస్తారు, లేకపోతే లేదు. పెళ్ళివారి చేతికి ఎవరూ ఇవ్వరు. తీసుకోకపోతే నష్టం ఏమీ లేదా అంటే, ఇప్పుడు పెద్దగా కనబడదు. బడిలో సీటు దగ్గర, తర్వాత పరీక్షల్లో అదనపు సమయం దగ్గర, పద్దెనిమిదేళ్ళు దాటాక సంరక్షకత్వం దగ్గర ప్రతిసారీ అడుగుతారు. చిన్న వయసులో ఇచ్చేది మళ్ళీ పరీక్షించి మారుస్తారు కూడా, కాబట్టి బాబు మెరుగైతే అది వాడికి అడ్డం కాదు.

మీ ఉద్యోగం గురించి ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది, మానేశాను అని. తిరిగి వెళ్ళాలని ఉందో లేదో రాయలేదు. ఉంటే పూర్తి ఉద్యోగం కాకపోయినా సాయంత్రం పూట నలుగురు పిల్లలకి లెక్కలు చెప్పవచ్చు, మీ ఆయన మార్నింగ్ షిఫ్టు ఉన్న వారాల్లో. ఇది సలహా కూడా కాదు, మీరు అడగలేదు కాబట్టి. అడిగి ఉంటే బాగుండేది.

సదరం స్లాటు మీసేవలోనో సచివాలయంలోనో తీసుకోవాలి, అది నిశ్చితార్థం గొడవ తగ్గాక చూసుకోవచ్చు. చెల్లెలికి ఫోన్ మాత్రం ఈ వారమే చేయండి, అమ్మగారు పక్కన లేనప్పుడు.